చేదు తెలిసిన నాలుక

మొదటి రోజు

ఈ పుస్తకం ముందు పేజీలు ఆఫీసువి. రెండో ఈస్టు తొట్టి వేడి ఎంత, ఊరంతా తినే ముద్ద ఎన్ని కిలోలు దిగింది, కాపలా ఎవరు అని రోజూ రాస్తాను. వెనక పేజీలు ఖాళీగా ఉన్నాయి కాబట్టి అక్కడ నా బీరు సంగతి రాసుకుంటున్నాను. తనిఖీకి వచ్చినవాళ్లు వెనకనుంచి చదవరని నా ధీమా. వాళ్లు ముందునుంచి కూడా చదవరు.

ఇవాళ హాప్స్ పూలు కోశాను. మూడో సొరంగంలో దీపాల కింద వల మీద పాకే తీగ అది. నిద్ర పట్టనివాళ్లకు కషాయానికని విత్తనాలతోపాటు భూమినుంచి పంపారు. ఇన్నేళ్లూ ఆకులు మాత్రమే వేసి, ఈ ఏడు విరగబూసింది. బొటనవేలి కొసంత ఆకుపచ్చ పూలు, రేకు మీద రేకు. నలిపితే పసుపు పొడి రాలి నారింజ తొక్క వాసన వస్తుంది. కొమురయ్య ఉంటే గంతేసేవాడు. ఇక్కడ ఒంటి బరువు తక్కువ, గంతేస్తే తల కప్పుకు తగులుతుంది. అయినా వేసేవాడు.

కొమురయ్య మా ఆయన. ఎనిమిది నెలల కింద ఏడో సొరంగం కూలినప్పుడు పోయాడు. కొత్తగూడెంలో ఉన్నప్పుడు ఇంటి వెనక వంటగదిలో బీరు కాచేవాడు. ఎలా కాయాలో రాసుకున్న కాగితం నా దగ్గరే ఉంది: ‘ఇండియా పేల్ ఏల్, పది లీటర్లు’. వెనకటికి ఓడల్లో ఇండియాకు పంపే బీరు దారిలో చెడిపోకుండా హాప్స్ దండిగా వేసేవారట, ఆ పేరు అందుకేనట. మనం దానికంటే దూరం వచ్చాం కదా, ఇంకా దండిగా వేయాలి అని నవ్వేవాడు.

ఎందుకు కాస్తున్నానో నాకు తెలియదు. పూలున్నాయి, కాగితం ఉంది, ఖాళీ సాయంత్రాలున్నాయి. ఏడుపు రాదు. మొదట్లో రాలేదు, తర్వాత వస్తుందన్నారు, అప్పుడూ రాలేదు. చేతివేళ్ళ కొసలు కూడా కొన్ని నెలలుగా మొద్దుబారి ఉన్నాయి. మెహర్ డాక్టరమ్మకు చూపిస్తే నా కార్డు మీద ‘దిగులు’ అని రాసింది.

మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీని పచ్చడి బండ మీద నూరి, అరవై ఆరు డిగ్రీల నీళ్లలో గంటసేపు నానబెట్టాను. నీళ్లు తొట్టి గదిలోని తొమ్మిదో నల్లావి. వడగట్టి పొయ్యి మీద పెట్టాను. కాగితంలో గంట మరగాలని ఉంది. ఇక్కడ గాలి పలచన, నీళ్లు తొంభై డిగ్రీలకే మరుగుతాయి. పప్పే సరిగ్గా ఉడకని చోట పూల చేదు ఎలా దిగుతుంది? గంటన్నర మరిగించాను. మొదట్లో కొన్ని పూలు చేదుకు, దించే ముందు కొన్ని వాసనకు వేశాను.

చిక్కల్లా ఇక్కడే. ‘చేదు తీపిని దాటాలి’ అని కాగితంలో రాసుంది. మా నాలుకలకు చేదు తెలియదు. ఇక్కడ దిగిన మొదటి వారంలోనే సూది వేస్తారు. ఈస్టు ముద్ద అసలు రుచి తెలిస్తే రెండో ముద్ద ఎవరూ నోట పెట్టరట. గరిటెతో తీసి చప్పరించాను. తియ్యగా ఉంది. ఇంకో గుప్పెడు పూలు వేసినా తియ్యగానే ఉంటుంది.

పంపు వాషరు మార్చడానికి అప్పుడే ఓదెలు వచ్చాడు. ఓదెలు కొమురయ్య తమ్ముడు, నా మరిది. నీటి పైపుల పని. అన్న పోయినప్పటినుంచి మా ఇంటి గడప తొక్కలేదు. తొట్టి గదికి మాత్రం ఏదో ఒక వంక పెట్టుకుని వస్తాడు.

"ఏం కాస్తున్నవ్ వదినె?"

"మీ అన్న బీరు. ఇగో, జెర చూడు."

గరిటె అందుకుని ఒక గుక్క తాగాడు. కళ్ళు చికిలించాడు, దవడలు బిగుసుకున్నాయి, చెవులదాకా ముఖమంతా ముడుచుకుంది. అలాంటి ముఖం చూసి నాకు పందొమ్మిదేళ్లయింది. ఆఖరుసారి మా అమ్మ కాకరకాయ కషాయం తాగుతుంటే చూశాను.

"మస్తు వేడున్నది" అన్నాడు.

గరిటె చల్లారి పావుగంటయింది. గరిటె వెనక్కి తీసుకుని అతని ముఖమే చూశాను. అతనికి అబద్ధం ఆడటం ఎప్పుడూ చేతకాదు.

"ఆ సూది నాకు పట్టలే వదినె" అన్నాడు చివరికి. "ఎవ్వరికి చెప్పకు. అన్నకొక్కనికే ఎర్క."

"పందొమ్మిదేండ్లు ఆ ముద్ద ఎట్ల తిన్నవ్?"

"ఉడుకుడుకుది మింగితే జెర తక్కువ తెలుస్తది."

ఎందుకు దాచాడో అడగలేదు, నాకు తెలుసు. మొదటి సూది పట్టలేదని తెలిస్తే రెండోది వేస్తారు. అది చేదు ఒక్కదాన్నే కాదు, ఉప్పూ తీపీ కారం వాసనా అన్నిటినీ తుడిచిపెడుతుంది. రెండోది వేయించుకున్న ఇద్దరిని నేను చూశాను. తినడం మరిచిపోయి చిక్కిపోయారు. వెనక ఒకసారి ముద్ద తినం అని గొడవ జరిగింది, అప్పటినుంచి ఆ రూలు గట్టిగా ఉంది.

మరి చేదు సరిపోయిందా అని అడిగాను.

"దాటింది వదినె. తీపిని దాటి పోయింది."

మూడో రోజు

బిందె మీద చేతి మందాన నురగ లేచింది. ఈస్టు నా సొంత తొట్టిదే. ఆఫీసు సొమ్ము ఒక చెంచా.

క్యాంటీన్‌లో ఈ వారం జనం తెగ గిన్నెలు జారవిడుస్తున్నారు. ఇక్కడ ఏ వస్తువైనా నెమ్మదిగా పడుతుంది, ఒంగి మళ్లీ పట్టుకోవచ్చు. అయినా పట్టుకోలేకపోతున్నారు. వేళ్ళకు తిమ్మిర్లని ఒకరు, అరికాళ్ళు మొద్దుబారాయని ఇంకొకరు అంటున్నారు. సొరంగం కూలి పదకొండు మంది పోయారు కదా, ఊరంతా దిగులుగా ఉంది, అదే ఇలా బయటపడుతోందని మెహర్ డాక్టరమ్మ స్పీకర్లో చెప్పింది. సాయంత్రం పూట పాటలు పెట్టారు.

ఆరో రోజు

పొంగు తగ్గింది. మిగిలిన పూలలో సగం పచ్చివే బిందెలో వేశాను. కాగితంలో అలాగే ఉంది. గదంతా నారింజ తొక్క వాసన.

ఓదెలు ఒక గ్లాసు తీసుకుని నెమ్మదిగా చప్పరించాడు. ముఖం ముడుచుకుంది, విప్పుకుంది, మళ్లీ ముడుచుకుంది.

"వదినె, ఇందుల రెండు చేదులున్నయ్."

"రెండేంది?"

"పూలది వచ్చి పోతది. ఇంకోటి నాలిక ఎనకాల కూసుంటది, పోదు. ఇనుపగొలుసు నాకినట్టు. ఈ చేదు నాకు కొత్తది గాదు, ఆర్నెల్లసంది కొన్ని నల్లాల నీళ్లల్ల తాకుతున్నది. నా నాలికే చెడ్డదనుకున్న."

తొమ్మిదో నల్లా తిప్పి గ్లాసు నింపి ఇచ్చాను. తాగాడు. తలూపాడు.

నీళ్ల మీటరు మామూలే చూపిస్తోంది. అది పన్నెండు రకాల మలినాలను మాత్రమే కనిపెడుతుంది. సొరంగం కూలిన రోజున పైపులు తెగితే చేతికందిన కొత్త జిగురుతో జాయింట్లు అతికించారు. ఏ జాయింటుకు కొత్తది, ఏ జాయింటుకు పాతది అని ఎవరూ రాసుకోలేదు. ఆ పూట మనుషులను తవ్వి తీస్తున్నారు. జిగురు సంగతి ఓదెలుకు తెలుసు, కొన్ని జాయింట్లు తనే అతికించాడు. మీటరు బాగుందంటే బాగుందనుకున్నాడు.

ఇద్దరం బిందె ముందు కూర్చున్నాం. ఊరి తిమ్మిర్లకు ఆ జిగురే కారణమని ఇద్దరికీ ఒక్కసారే తట్టింది.

"చెప్పాలె" అన్నాడు.

"చెప్తే నీకు రెండో సూది."

"ఎర్కనే."

నేను చెప్తాలే, నీ పేరు రానివ్వను, నువ్వు నోరు మూసుకో అన్నాను.

ఏడో రోజు

మెహర్ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. మంచి మనిషే. నాలుగు వందల మందికి ఒక్కతే డాక్టరు, కళ్ళ కింద నల్లగా ఉంటుంది.

"నీళ్లలో ఏదో కలుస్తోందండీ" అన్నాను.

"మీటరు చూశాను సులోచనమ్మా, బాగానే ఉంది. మీకెలా తెలిసింది?"

"ఈస్టు సరిగ్గా పొంగలేదు."

"ఆఫీసు పుస్తకంలో బాగా పొంగిందని రాశారు కదా."

ముందు పేజీలు చదివే మనిషి ఒకరున్నారని అప్పుడే తెలిసింది. పరీక్ష పెట్టె ఒక్కటే ఉందని, ఒక్క శాంపిలుకు రెండు రోజులు పడుతుందని, ఏం వెతకాలో తెలియకుండా ఏ నల్లా నీళ్లు పెట్టాలని అడిగింది. తొమ్మిదోదంటే ఓదెలు పేరు బయటికి లాగుతుందని చెప్పలేదు. "ఎవరైనా రుచి చూసి చెప్పారా?" అని కూడా అడిగింది, నా కళ్ళలోకి చూస్తూ.

లేదన్నాను. అంత తేలిగ్గా అబద్ధం వచ్చినందుకు సిగ్గేస్తుందేమోనని చూసుకున్నాను. ఏమీ అనిపించలేదు. మిగిలినవాడు ఇతనొక్కడే, ఇతన్ని ఇవ్వను అనుకున్నాను. అదొక్కటే నాలో కదులుతున్న ఆలోచన.

పదో రోజు

డ్రిల్లు మీద పనిచేసే లింగుబాయి చేతిలోంచి రాడ్డు జారి కుడి పాదం మీద పడింది. ఎంత నెమ్మదిగా పడినా అది ఇద్దరు మనుషుల బరువుంటుంది. మూడు వేళ్ళు తీసేశారు.

చూడటానికి వెళ్ళాను. మంచం మీద కూర్చుని కట్టు వైపు చూస్తోంది.

"నొప్పి లేదక్కా" అంది. "రాడ్డు పడ్డప్పుడు గూడ నొయ్యలే. గదే భయమైతున్నది."

నాలుగు రోజులు ఆగాను. నాలుగు రోజులకు మూడు వేళ్ళు. నా వల్లే అని రాస్తున్నాను, ఎవరూ చదవకపోయినా సరే.

పదకొండో రోజు

నేను ఆరోగ్య కేంద్రానికి వెళ్ళేసరికే ఓదెలు అక్కడున్నాడు. నాకంటే ముందే వచ్చాడు, బల్ల ముందు నిలబడి అంతా చెప్పేశాడు. డాక్టరమ్మ చేతిలో కాగితం ఉంది, రెండో సూది కాగితం.

"ఈ రూలు నేను రాయలేదు" అంది. తర్వాత కాగితాన్ని సొరుగులో పెట్టింది. "ముందు నల్లాలు చూపించండి. నలభై ఒకటి ఉన్నాయి. మింగొద్దు, ఉమ్మేయండి."

బీరు పారబోశాను. పది లీటర్లు. తూములోకి పోతుంటే నురగ చూస్తూ నిలబడ్డాను. కొమురయ్య ఉంటే బూతులు తిట్టేవాడు.

పన్నెండో రోజు

పొద్దున ఏడింటికి మొదలైంది. రాత్రంతా పైపులో నిలవ ఉన్న నీళ్లయితే చేదు చిక్కగా తెలుస్తుందని, ఎవరూ నల్లా తిప్పొద్దని స్పీకర్లో చెప్పారు. ఊరంతా వెంట వచ్చింది. చేదు తెలిసిన మనిషిని చూడటం చాలామందికి ఇదే మొదలు. ఇక్కడ పుట్టినవాళ్లయితే చేదు ముఖం అనేదే చూడలేదు. డాక్టరమ్మ సుద్దముక్క పట్టుకుంది. ఓదెలు తాగుతాడు, అందరూ అతని ముఖం చూస్తారు. ముఖం ముడుచుకుంటే నల్లా మీద ఇంటూ గుర్తు, లేకపోతే సున్నా. నోరు తెరిచి చెప్పే అవసరమే రాలేదు.

ఒక్కో నల్లా దగ్గర మూడు గుక్కలు. పుక్కిలించి ఉమ్మడం, అయిదు నిమిషాలు ఆగడం. మొదటి పది నల్లాల్లో నాలుగు పోయాయి. జనం ఒక్కో ఇంటూకు గుసగుసలు పోయారు, ఒక్కో సున్నాకు చప్పట్లు కొట్టారు. ఇరవై దాటాక అతని కళ్ళలో నీళ్లు కారాయి. ఆపుదామా అని డాక్టరమ్మ అడిగితే వద్దని చేయి ఊపాడు. సాయంత్రం అయిదుకి నలభై ఒకటో నల్లా, సున్నా. మొత్తం పదిహేడు ఇంటూలు. జనం అతన్ని భుజాల మీదికెత్తారు. ఎత్తడం ఇక్కడ పెద్ద కష్టం కాదు, అయినా ఎవరినీ ఎత్తగా చూడలేదు.

డాక్టరమ్మ సొరుగులోంచి ఆ కాగితం తీసి అందరి ముందు చింపింది. ఈ మనిషి నాలుక ఊరిది, దీని జోలికి ఎవరూ రావొద్దు అంది. నాకు సంతోషం వేయాలి. వేసిందని రాయలేను, కానీ బరువు దిగినట్టయితే ఉంది.

పద్నాలుగో రోజు

ఇంటూ నల్లాలు మూశారు, జాయింట్లు విప్పి పాత జిగురుతో అతికిస్తున్నారు. మళ్లీ బార్లీ నూరాను. పూలు ఇంకా ఉన్నాయి. ఈసారి నీళ్లు పన్నెండో నల్లావి. అక్కడ ఓదెలు రెండుసార్లు చప్పరించి మరీ సున్నా పెట్టించాడు.

ఇరవయ్యో రోజు

పచ్చి పూలు వేశాను. రుచి చూడమంటే పనుందని, సీసా తెరిచినప్పుడే చూస్తానని గుమ్మం దగ్గరినుంచే వెళ్ళిపోయాడు. గొప్పవాడైపోయాడు మా మరిది, పిలిస్తే పలకడు అని వెక్కిరించాను. నవ్వాడు.

ఇరవై ఆరో రోజు

సీసాల్లో నింపాను. గాలి పట్టడానికి తలా అర చెంచా చక్కెర. పద్దెనిమిది సీసాలు.

జనానికి వేళ్ళలో స్పర్శ తిరిగి వస్తోంది. లింగుబాయికి నొప్పి మొదలైంది, అందరితో సంబరంగా చెప్పుకుంటోంది. నాకు మాత్రం రాలేదు. మూత బిగిస్తే బిగిసిందో లేదో కళ్ళతో చూసుకోవాల్సి వస్తోంది. డాక్టరమ్మ సూదిమొనతో గుచ్చి చూసి, "మీది నీళ్లది కాదేమో సులోచనమ్మా, కొంతమందికి దిగులు ఇలాగే కూర్చుంటుంది" అంది. కార్డు మీద పాత మాట అలాగే ఉంచింది. నాకూ అదే నిజమనిపించింది. ఏడవని మనిషికి ఆ ఏడుపు ఎక్కడో ఒకచోట గడ్డకట్టాలి కదా.

ముప్పై ఎనిమిదో రోజు

ఇవాళ సాయంత్రం తొట్టి గదిలో మొదటి సీసా తెరిచాను. ఓదెలును బలవంతాన కూర్చోబెట్టాను. రంగు బాగా వచ్చింది, ముదురు తేనె రంగు. నురగ నిలబడింది. రెండు గ్లాసుల్లో పోశాను.

"నువ్వు ముందు" అన్నాను.

గ్లాసెత్తాడు. కళ్ళు చికిలించాడు, దవడలు బిగించాడు, ముఖమంతా ముడిచాడు. అప్పటికి గ్లాసు పెదవికి ఇంకా తగలలేదు.

తర్వాత తాగాడు. "మస్తున్నది వదినె. అన్న చేసినట్టే ఉన్నది."

నేను నా గ్లాసు కింద పెట్టాను.

"ఎప్పట్నుంచి?"

"ఏంది ఎప్పట్నుంచి?"

"ఓదెలు."

అతను ముఖం విప్పాడు. ఉత్త ముఖం, అలసిపోయి ఉంది.

"నల్లాల రోజే పోయింది. ఆ జిగురు నీళ్లు పుక్కిలించీ పుక్కిలించీ మెల్లగ మొద్దుబారింది. ముప్పయ్యో నల్లా కాడ కొంచెం తెలిసింది. ముప్పై ఒకటో దాని కాడ ఏం లేదు. ఉప్పు లేదు, తీపి లేదు, ఉత్తగ తడి."

"మిగిలిన పదకొండు?"

అతను గ్లాసులో నురగ వైపు చూశాడు.

"మిగిలిన పదకొండు నల్లాలు ఓదెలూ?"

"అందరు నా ముఖమే చూస్తున్నరు వదినె" అన్నాడు. "జెరసేపైతే తిరిగొస్తదనుకున్న. రాలే. మూడింటికి ముఖం ముడిచిన, ఎనిమిదింటికి ముడ్వలే. ఏదో ఒకటి చెయ్యాలె గదా అని చేసిన. అవతల భుజాల మీదికెత్తిండ్రు. డాక్టరమ్మ కాయితం చింపింది. ఇగ ఎట్ల చెప్పాలె?"

నాకు కోపం వచ్చింది. నిజంగా వచ్చింది, చెవులు వేడెక్కాయి. ఎనిమిది నల్లాలు, ఇరవై ఆరు రోజులు. అతన్ని కొడదామనుకున్నాను. నాలుగు రోజులు నోరు మూసుకున్న నా చేయి అందుకు లేవలేదు.

"రెంచీ తీసుకో" అన్నాను.

ముందు డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. గుమ్మంలోనే ఆమెకు అంతా చెప్పాను, దాచలేదు. ఆమె సుద్దముక్క తీసి నా చేతిలో పెట్టింది. ఎనిమిదీ మూసేయండి, ఒక్కొక్కటీ పెట్టెలో పరీక్షిద్దాం, పదహారు రోజులు పడుతుంది అంది. ఊరికి స్పీకర్లో తానే చెప్తానంది. ఓదెలు వద్దన్నాడు. తనే చెప్పాడు. నాలుగే మాటలు. బయట ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

ముప్పై ఒకటి, ముప్పై రెండు మూశాం. ముప్పై అయిదోది అంగన్‌వాడీది. పంతులమ్మ తలుపు దగ్గరే నిలబడి ఉంది, స్పీకర్లో విన్నది.

"పొల్లగాండ్లు గ్లాసులు జారిడుస్తుంటే ఆటలనుకున్న" అంది. "తిట్టిన గూడ."

ఓదెలు ఆమె వైపు చూడలేకపోయాడు. నల్లా కింద మోకాళ్ళ మీద కూర్చుని, అవసరానికి మించి బిగించాడు.

ముప్పై ఏడు, ముప్పై ఎనిమిది, ముప్పై తొమ్మిది, నలభై. అతను బిగిస్తుంటే నేను సుద్దతో సున్నాలు చెరిపి ఇంటూలు పెట్టాను.

నలభై ఒకటోది మా ఇంటిది. నల్లాల రోజున కూడా అతను గుమ్మం బయటే నిలబడి, నేను గ్లాసులో తెచ్చిచ్చిన నీళ్లు చప్పరించాడు. తొమ్మిది నెలల తర్వాత ఓదెలు మా గడప తొక్కాడు. అన్న చెప్పులు ఇంకా తలుపు పక్కనే ఉన్నాయి, వాటిని దాటి లోపలికి వచ్చాడు. నల్లా కింద సగం నిండిన బిందె ఉంది. పొద్దున ఆ నీళ్లే తాగాను. నిన్నా, మొన్నా, తొమ్మిది నెలలుగా అవే తాగుతున్నాను.

అప్పుడు భయం వేసింది. ఈ నీళ్లు మానేస్తే పది రోజులకో పదిహేను రోజులకో నా వేళ్ళు కూడా మేలుకుంటాయి. వాటి వెనకే ఇంకేం వస్తుందో నాకు తెలుసు. ఇన్నాళ్లూ ఈ మొద్దుబారడాన్నే దిగులనుకున్నాను. దిగులు ఇంకా మొదలే కాలేదు. కొమురయ్య పోయాడు అనే మాట ఇంకా నాదాకా రాలేదు.

ఓదెలు నా ముఖం చూశాడు. "నేను మూస్తలే వదినె, నువ్వు బయట నిలబడు" అన్నాడు.

వద్దన్నాను. రెంచీ తీసుకుని, పట్టు దొరికిందో లేదో కళ్ళతో చూసుకుని, నేనే తిప్పాను.